చూద్దాం

అసలు పేరు కెటిల్‌వెల్.
కర్నూలు నోటికి తిరగక కేతవెల్లి దొర అన్నాం.
కుంపెనీ ఏజెంటై వచ్చేనాటికి ఇరవై నాలుగేండ్లు,
మెడంతా చెమటకాయలు.
హంద్రి ఒడ్డున డేరా, డేరాలో బల్ల,
బల్ల పక్కన నేను, దుబాసీ తిమ్మోజీని,
నెలకు పదకొండు రూపాయలు.

నవాబు గారి ఫారసీ నాలో తెలుగై,
ఆ తెలుగు నాకొచ్చిన ముక్కల్లో ఇంగిలీషై
దొర చెవికి చేరేది.
దారిలో ఏం రాలిపోయిందో
నాకు తెలుసు, తుంగభద్రకు తెలుసు.

ఒకనాడు నవాబు అన్నాడు:
"ఈ కోతిమూతోడికి నా కోట తాళాలు కావాలంటనా?"
నేనన్నాను:
"తమరి కోరిక హుజూర్ వారు మనసులో పెట్టుకుంటారు."
దొర టోపీ తీసి వంగాడు.
నవాబు గడ్డం నిమురుకున్నాడు.
ఆ పూట ఎవరూ చావలేదు.

దొర తెలుగు నేర్చుకుంటానన్నాడు.
పలక కొనిచ్చాను.
ద కింది వత్తు ఎప్పుడూ
సొంతిల్లు మరిచి పక్కింటి గడపలో పడేది.
"మీ భాషలో అన్నిటికన్నా కష్టమైన మాటేది?"
"చూద్దాం."
"అంటే?"
"కాదని, దొరా.
కాదంటే ఇంటికొచ్చిన మనిషి నొచ్చుకుంటాడని
చూద్దాం అంటాం."
ఆ రాత్రి కొవ్వొత్తి కరిగేదాకా
ఆ ఒక్క మాటే దిద్దుకున్నాడు.

తర్వాత కోట మీద జెండా మారింది.
ఆ కాగితాల మీద నా చేవ్రాలు లేదు,
నా నోరు మాత్రం ఉంది.

దొర బూషహరు పోయాడు, మస్కట్టు పోయాడు,
చీనా రేవులో ఏడేండ్లు ఉన్నాడు.
మద్రాసు గుమాస్తాలు వచ్చినప్పుడల్లా చెప్పేవాళ్లు:
సుల్తానులు అడిగినవన్నీ వింటాడంట,
వాళ్లు సంబరంగా లేచిపోతారంట,
ఒక్కటీ ఇవ్వడంట.
పేరు ముందర సర్ అని తగిలించారంట.
చింతపండు గింజలు తీస్తా తీస్తా
నాలో నేనే నవ్వుకున్నాను.

ధాత కరువులో
జొన్నలు రూపాయికి ఐదు సేర్లకు దిగినాక,
నా కళ్లకు పొర కమ్మినాక,
మొదటిసారి నా కోసం ఒక అర్జీ రాశాను.
లండనుకు. పింఛను. మూడు రూపాయలైనా చాలన్నాను.

ఐదు నెలలకు జవాబు.
మందపాటి కాగితం, నడిమధ్యన ఒకటే మాట,
తెలుగులో, వణికిన చేత్తో:
చూద్దాం.
వత్తు ఇంకా పక్కింట్లోనే ఉంది.

నాగూబాయి పొయ్యి ముందర్నుంచి లేచొచ్చింది.
"ఏమంటాడు మీ దొర?"
కాగితం మడిచాను.
నలభై ఏండ్ల పనితనం
నాలుక కొసకు వచ్చి నిలబడింది.
"ఒప్పుకున్నాడు" అన్నాను.

ఆమె చేటలోకి చూసింది.
రెండు పూటలకని దాచిన గింజలు
ఒక్కసారే
ఇసుర్రాయిలో పోసింది.