నలభై రెండో స్లైడు

గుంటూరు కాలేజీ జువాలజీ ల్యాబులో
ముప్పై ఒక్కేళ్లు లెన్సులు తుడిచాడు యేసుపాదం.
ఒక్కసారీ కన్ను ఆనించలేదు.

ఇవాళ ఆఖరి రోజు.
కిటికీలోంచి మిర్చియార్డు ఘాటు,
గదంతా తుమ్ములు.
"చూడవయ్యా" అన్నాను.

వంగాడు. ఊపిరి బిగబట్టాడు.

వెచ్చటి సముద్రంలో ఎప్పుడో తేలిన ప్రాణి.
ఒంట్లో ఉన్నదంతా ఒక్క కణం,
దానికే గాజుతో ఇన్ని కిటికీలు,
కిటికీకీ కిటికీకీ మధ్య ముల్లు.
రేడియోలేరియా అని చీటీ మీద
ఎవరిదో వెలిసిన సిరా.

"చచ్చిపోయిందాండీ?"
"ఎప్పుడో."
"ఇల్లు మాత్రం ఎంత శుభ్రంగా ఉంచుకుందో!"

సంగడిగుంటలో అతనిది రెండు గదుల అద్దె.
పడమటి గోడకి ఏడాదంతా చెమ్మ.

మళ్లీ వంగాడు.
తుమ్మొస్తే గబుక్కున మొహం పక్కకి తిప్పుకున్నాడు,
అది ఎగిరిపోతుందేమోనని.