గుడికీ కొమ్ముకీ మధ్య

పన్నెండూ నలభైకే
ట్రెజరీలో కాగితాల మీద బరువులు పెట్టేసి
మెట్లు దిగిపోతాం.
ఒంటిగంట దాటితే
తవిటమ్మ మెస్సులో ఆవపెట్టిన పనసపొట్టు మిగలదు.
సర్వీసు రూల్సులో ఈ ముక్క లేదు గాని
కొత్తగా చేరినవాడికి మొదటిరోజే ఎవరో ఒకరు చెబుతారు.

ఏడురోడ్ల జంక్షన్ నుంచి నాగావళి వైపు దిగే సందులో
ఒకప్పటి బియ్యం గోడౌను.
పైన రేకుల వేడి, కింద గంజి ఆవిరి.
గుమ్మంలో బల్ల, బల్లమీద పసుప్పచ్చ టోకెన్లు.
అరవై రూపాయలు.
మొన్నటిదాకా యాభై.
పలకమీద అయిదుని ఆరు చేసినచోట
సుద్ద ఇంకా రెండంకెలుగానే కనిపిస్తుంది.

గళ్ల పళ్లెం ఎవరిది వాళ్లే తీసుకోవాలి,
తడి ఎవరిది వాళ్లే దులుపుకోవాలి.
నా ముందు ఎల్‌ఐసీ బగాది ఉమాపతి,
అతని ముందు మెళ్లో కార్డు తాడు తియ్యని బ్యాంకు కుర్రాడు,
వాడి ముందు మా ఆఫీసరు గారు,
పొద్దున్న ఒక్క సంతకానికి నన్ను గంట నిలబెట్టిన మనిషి,
ఖాళీ పళ్లెంతో
ఇక్కడ నా అంత ఎత్తే ఉన్నారు.

అన్నాన్ని గరిటె వెనకతో నొక్కి
గొయ్యి చేస్తుంది తవిటమ్మ.
అందులోకి గుమ్మడికాయ దప్పళం.
ముందు బెల్లం తగులుతుంది, తర్వాత పులుపు.
కారం సంగతి
ఉల్లిచారు దాకా వెళ్లాక గాని గుర్తురాదు.
బుధవారం నెత్తళ్ల ఇగురు, పది రూపాయలు అదనం.
స్టెంటు వేయించుకున్న పట్నాయక్ గారు
ఆ రోజు వరస చివర నిలబడి
"వాసన చూసి పోదామనీ" అంటారు.
ప్రతి బుధవారమూ అంటారు.

"ఏటా తిండం, పిట్టనాగ?"
అడక్కుండానే రెండో గరిటె.
నెలాఖరు ఆ గరిటెకి తెలుసు.

అదే తవిటమ్మ
ఓ గురువారం మూడింటికి
మా కిటికీ ముందు వరసలో పదో మనిషి.
గరిటె లేని చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు
కొంగు పట్టుకుని నిలబడింది.
పోయిన పెనిమిటి హైస్కూలు వాచ్‌మను.
సర్వీసు పుస్తకంలో భార్య పేరు తవిటమ్మ,
బ్యాంకు కాగితంలో తవుటమ్మ.
ఒక గుడికీ ఒక కొమ్ముకీ మధ్య
పదకొండు నెలల పింఛను ఇరుక్కుపోయింది.

"అఫిడవిట్ కావాలమ్మా, సోమవారం రండి"
అన్నాను, తలెత్తకుండా.
అందరితో అనే మాటే.
"అలాగే బాబూ" అని
వెనకవాడికి దారిచ్చింది.

శుక్రవారం, శనివారం
డే అండ్ నైట్ జంక్షన్ దాకా నడిచి
తొంభై పెట్టి చల్లారిన పులిహోర తిన్నాను.
సోమవారం మాత్రం ఆవ వాసన
కాళ్లని సందులోకి తిప్పేసింది.

నా వంతు వచ్చింది.
గరిటె ఆగలేదు.
అదే గొయ్యి, అదే దప్పళం.
"రెండ్రోజులు కానరానేదేటి బాబూ,
ఒంట్లో బాగునేదా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెతికాను.
పళ్లెంలో ఉప్పు తక్కువేమో వెతికాను.
అన్నీ సరిపోయాయి.
రెండో గరిటెకి పళ్లెం వెనక్కి లాక్కున్నాను.
వినలేదు.

మంగళవారం నోటు రాశాను,
"రెండు పేర్లూ ఒకే వ్యక్తివి" అని.
"ఆధారమేంటయ్యా?" అన్నారు ఆఫీసరు గారు.
ఆయన జేబు అంచున
ఎండిన దప్పళం మరక ఉంది.
అది చూపించడానికి నా దగ్గర ఫారం లేదు.
కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
"సరే, అక్కడ పెట్టు" అన్నారు.

ఫైలు అక్కడే ఉంది.
అఫిడవిట్ స్టాంపు కాగితం నేనే కొన్నాను, నా బ్యాగులో ఉంది.
వేలిముద్రో సంతకమో ఆమెనే అడగాలి,
వరస కాస్త పలచబడ్డాక.

రేపు బుధవారం.
పట్నాయక్ గారు ఇప్పటికే
టైం అడుగుతున్నారు.