లింగం గారి చిట్టా

ఆయన పేరు లియాంగ్.
గేటు దగ్గర అప్పన్నకి నోరు తిరక్క
మొదటి రోజే లింగం గారైపోయారండి.
పాస్‌పోర్టులో తప్ప ఇంకెక్కడా మళ్ళీ లియాంగ్ కాలేదు.

ఆకివీడు పక్కన మా మేత మిల్లులో
చైనా మిషన్లు బిగించడానికి మూడు నెలలకని వచ్చి
పదకొండు నెలలున్నారు. నేను ఆయన బొలెరో డ్రైవర్ని.
చొక్కా జేబులో ఆకుపచ్చ అట్ట పుస్తకం.
చూసిందల్లా అందులోకి ఎక్కేది,
గిజిగాడి గూళ్ళలాంటి అక్షరాల్లో.

ఏప్రిల్లో, తారు చెప్పుకంటుకునే ఎండలో
భీమవరం హోటల్లో వేడినీళ్ళడిగారు.
సర్వరు నావైపు చూశాడు, ఏం జబ్బన్నట్టు.
సోడా తెచ్చాడు. తర్వాత మజ్జిగ.
తర్వాత ఓనరే లేచి వచ్చాడు.

పూతరేకు చేతిలో పెడితే
పైదంతా కాగితమనుకుని పొరపొరా ఒలిచి, మడతపెట్టి,
లోపలి బెల్లంపొడి నాలిక్కి అద్దుకుని
"ప్యాకింగు గొప్పది, సరుకు తక్కువ" అన్నారు,
ఫోను పలికే తెలుగులో.
ఆ కాగితాలన్నీ నేను తినేస్తుంటే
వెంటనే పుస్తకం తీశారు.

ఓసారి చదివి వినిపించారు:
ఇప్పుడే అంటే నలభై నిమిషాలు.
ఇక్కడే అంటే ఆరు కిలోమీటర్లు.
మీ ఇష్టమండి అంటే, ఇంకో వంద.

నాలుగో వారం, ఉండి లాకుల దగ్గర బండాపించి
ఫోను నా నోటిముందు పెట్టి అడిగారు:
"ఇక్కడందరూ నన్నెందుకు ప్రేమిస్తున్నారు?"
ఎవరండీ బాబూ అన్నాను, గుండె గుబేల్మని.
బొండాల మంగాయమ్మట. గేటు అప్పన్నట. నేనట.
ఏం చెప్పినా ప్రేమ, ప్రేమ అంటున్నామట.
తీరా చూస్తే మన "ఆయ్" అండి!
గొంతు కాస్త కిందికి దింపితే
వాళ్ళ భాషలో ఆ మాటేనట.
అప్పట్నుంచీ ఆయ్ అనబోయి
ఒక్క క్షణం ఆగుతున్నాను.
మా ఆవిడ దగ్గర మాత్రం ఆగను.

జూలైలో సెంటర్లో ఫ్లెక్సీ లేచింది,
ఓనరు గారి బావమరిది పుట్టినరోజుకి.
నలభై ఆరు తలకాయలు. కింద వరసలో, నా పక్కన,
నల్లకళ్ళద్దాలతో లింగం గారు.
ఫొటో ఎవరిచ్చారో తెలీదు, అద్దాలెవరివో అసలే తెలీదు.
ఎండలో నిలబడి గంటసేపు
తనకేసి తను చూసుకున్నారు.

రొయ్యల కూరలో తలకాయలుండవేమని ఒకటే గొడవ.
పారేస్తామండి అంటే
బంగారం పారేసినట్టు మొహం పెట్టారు.
వేయించి, తలని జుర్రి చూపించారు.
నాకు కడుపులో తిప్పింది. మర్నాడు రెండు తిన్నాను.
ఇంట్లో చెప్పలేదు.

నాకో ఎకరం చెరువుందండి, కౌలుది.
రాత్రుళ్ళు ఏరియేటర్లు తిరుగుతుంటేనే మాకు నిద్ర.
కరెంటు పోయి ఆ చప్పుడాగిందా,
ఊరంతా ఒక్కసారి లేచి కూర్చుంటుంది.
ఆగస్టులో ఓ అర్ధరాత్రి అలాగే లేచి
గట్టుమీదికి పరిగెత్తేసరికి
నాకంటే ముందే అక్కడ లింగం గారు,
లుంగీలో, నోట్లో టార్చిలైటు పెట్టుకుని
నా జనరేటరు విప్పుతున్నారు.
ఎవరు పిలిచారండీ అన్నాను.
చెవి చూపించారు.
వాళ్ళ నాన్నకీ చెరువులేనట. నిశ్శబ్దానికే మెలకువట.

చక్రాలు మళ్ళీ నీళ్ళు చిమ్మేసరికి మూడున్నర.
బురదకాళ్ళతో కూలబడ్డాం.
ఫోను ఇంట్లో మర్చిపోయొచ్చారు.
ఏం మాట్లాడాలో తోచక, తెల్లారకుండానే
"భోంచేశారా?" అన్నాను.
పుస్తకం తియ్యలేదు. నవ్వారు.
ఆయనా ఏదో అడిగారు, అవే మూడు ముక్కల్లో.
అదే అడిగుంటారు.

ఇప్పుడాయన లేరు. ఫ్లెక్సీ నా దగ్గరుంది.
జనరేటరు మీద కప్పాను, వాన పడకుండా.
బావమరిది గారు లోపలి మడతలోకి పోయారు.
తాడు విప్పినప్పుడల్లా
నల్లకళ్ళద్దాల్లో ఒకటే పైకొస్తుంది,
దాని వెనకాల నా చెవి.