ఖర్జూరపు గింజల లెక్క

డిసెంబరు పదమూడు. సుబియా ఎడారిలో మా అరబ్బులు వేసిన గుడారం.
కువైట్‌లో చలి యాడిది అనేవాళ్ళు
ఒక రాత్రి ఇక్కడికొచ్చి గిన్నెలు తోమాల.

అన్నం మాడిన డేగిసాను
నీళ్ళు దండగని ఇసకతోనే రుద్దుతాండా.
దానా వచ్చి పక్కన గొంతుక్కూర్చునింది.
పదమూడేండ్ల పిల్ల. నోరు తిరగక
రెడ్డెమ్మను రద్మా చేసిన పిల్ల.
నా గోరు కింద ఇరుక్కున్న ఇసక రేణువును చూపించి
"రాలే చుక్క ఇంతే ఉంటాది రద్మా" అనింది.

నేను నమ్మలా.
మా పెద్దమ్మ లెక్కన చుక్క రాలితే
యాడో ఒకింట్లో దీపం కొండెక్కినట్టు.
వేలు పెట్టి చూపిస్తే ఆ వేలు కుళ్ళిపోతాది.
అంత పెద్ద సంగతి
ఇంత నలుసులో ఎట్ల పడతాది?

దానా అరబ్బీలో చెప్పింది, నేను నా మాటల్లో పెట్టుకున్యా:
సూర్యుని చుట్టూ ఒక రాయి తిరుగుతాంది.
ఒక చుట్టుకు ఏడాదిన్నరకు నెల తక్కువ.
పొయ్యికి మరీ దగ్గరగా పోయి వస్తాది కదా,
పగుళ్ళు బారతాది, పొడి రాలుస్తాది.
పట్టా కప్పని కంకర లారీ
దారి పొడుగునా చిందించుకుంటా పోయినట్టు.
ఏటా ఈ దినాలకు మన భూమి ఆ దారికి అడ్డం పడతాది.
అవి వచ్చి పడేది సగమే,
సగం మనమే పోయి తగులుకుంటాం.

ఇక్కడి నుంచి వంతెన మీదుగా ఊర్లోకి
ఓబులేసు బండిలో ముప్పావు గంట.
ఆ నలుసుకు రెండు అంకెలు చాలంట.
ముందరున్న గాలికి తప్పుకునే తీరిక ఉండదు,
నలుగుతాది, కాగుతాది.
ఎనిమిది ఆమడల ఎత్తులోనే నలుసు మాడిపోతాది.
మనకు కనపడేది అది కాదు,
అది కాలిన గీత.

"చూడాలంటే ఎప్పుడు?"
నడిరేయి దాటినాంక, అనింది.
ఓబులేసు బండి ముందద్దం చూడు, ఎన్ని పురుగులో!
వెనకద్దం మీద ఒకటీ లేదు.
నడిరేయి దాటితే మనముండేది ముందద్దం పక్క.
జనరేటర్ ఆపాల. చంద్రుడు అడ్డం రాకూడదు.
ఫోను ముట్టకుండా ఇరవై నిమిషాలు
కండ్లను చీకటికి మరగనీయాల.
జంట చుక్కల దిక్కునుంచి వస్తాయని చూపించింది.
అది పునర్వసు.
పునర్వసు కార్తె వాన మాకు తెలుసు,
నిప్పు చినుకులు కూడా అక్కణ్ణుంచేనని తెలీదు.

బడికి లెక్క కావాలంట.
ఒక్కో చుక్కకు ఒక్కో ఖర్జూరపు గింజ
గావా కప్పులో వేయాల.
రెండుకు లేపమని చెప్పి
తల ఆనించిందో లేదో నిద్ర.

ఒంటిగంటకు జనరేటర్ ఆగింది.
రెండుకు లేపబోయినా.
రెండు దుప్పట్ల కింద పిల్ల చెయ్యి వెచ్చగా ఉండాది.
వెనక్కొచ్చేసినా.

పదకొండేండ్లలో
నన్నెవరూ పిలవని గంటలు రెండు దొరికినాయి.
డేగిసా బోర్లేసి దానిమీద కూర్చున్యా.
ఒకటి. కప్పులో టక్కుమనింది.
చానాసేపు ఏమీ లేదు. చలి, మెడ నొప్పి.
ఉన్నట్టుండి మూడు,
గింజ కోసం తడుముకునేలోపు ఇంకోటి.
వేలు పెట్టి చూపించినా, కావాలనే,
కుళ్ళితే కుళ్ళనీలే అని.

నాలుగు దగ్గర పడతాంటే ఒకటొచ్చింది,
తొందర లేకుండా, పచ్చంగా,
చీరంచు లాగినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు.
ఆరిపోయినాంక కూడా
గీత పొగ మాదిరి కొంచేపు నిలబడింది.
ఎవుర్నన్నా లేపాలనిపించింది.
ఎవుర్నీ లేపలా.

తెల్లారి దానా అలిగింది, ఏడ్చింది,
ఆమైన గింజలు లెక్కపెట్టింది. అరవై మూడు.
చూసినవారి పేరు అనే గడిలో
తన పేరు రాసుకునింది.
రాసుకోనీ. బడి తనది.

గావా కప్పు కడిగి బోర్లించినా.
అరవై నాలుగో గింజ
నా నైటీ జేబులో ఉండాది.