చేదుకి దారి

ఒతారులో మంచు.
తొంభై ఒకటో ఏట
త్సునేకిచి పిత్తాశయం చీము పట్టింది.
"ఈ గుండెతో కోతకి పోలేం,"
అంది డాక్టర్ షినోజుకా,
కాగితం మీద బేరిపండు గీస్తూ.
పక్కటెముకల సందున సన్నగొట్టం, నడుముకో సంచి.
లేదా నోటిగుండా దిగి,
కడుపు గోడకీ దానికీ నడుమ ఓ కిటికీ.

వలలకి గాజుబుడగలు ఊదిన మనిషి,
గొట్టాలు కొత్తేం కాదు.
"సంచితో వేన్నీళ్ల తొట్టిలో దిగొచ్చా?"
"కూడదు."
"అయితే కిటికీ."

"ముసలి పైత్యం," గొణిగింది కూతురు.
"ఆ పైత్యమే కదమ్మా తీస్తున్నది!"

సాయంత్రానికి
ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న చేదు
కడుపులోకే జారింది.

మూడోవారం, వీధి స్నానశాలలో
మెడదాకా మునిగి
తేలుతున్నాడు,
తనే ఊదిన బుడగ ఒకటి
ఇంకా పగలనట్టు.