ఇరవై రెండు తోకలు

జనవరి. ఫ్లిండర్స్ కొండల కనుమలో
పొద్దుగూకినా రాళ్లు పెనంలా కాలుతున్నాయి.
ఎనిడ్ నోటిమీద వేలు పెట్టింది.
నేను పెన్సిల్ చెక్కడం ఆపాను.

కింద నీటిగుంట.
గుంట అంటే గొప్పగా ఉంటుంది గానీ
నాలుగు దోసిళ్లు.
చుట్టూ, ఎవరివీ కాని మేకలు తొక్కిన బురద
పెంకులు పెంకులుగా ఎండిపోయి.

మొదట కదిలింది రాయే అనుకున్నాను.
తర్వాత ఆ రాయికి పసుపు రాసినట్టు కాళ్లు,
చెంపమీద సున్నపు గీత,
వెనక, ఒంటికంటే పొడవనిపించే తోక.
ఒక కట్టు ముదురు, ఒక కట్టు లేత.

"అందు," అంది ఎనిడ్, ఊపిరితోనే.
వాళ్ల అమ్మమ్మల భాషలో ఈ వాలబీ పేరు అదే.
అందు. అంతలోనే అందకుండా
నిట్టనిలువు బండమీద
మెట్లెక్కడున్నాయో తనొక్కదానికే తెలిసినట్టు
ఎక్కేసింది. మళ్లీ దిగింది. తాగింది.

మా ఇంట్లో, చెక్కపెట్టెలో, కలరా ఉండల మధ్య
ఒక దుప్పటి ఉంది.
ఎర్న్‌స్ట్ తాత తుపాకీ, లీనా నానమ్మ సూది.
చిన్నప్పుడు జ్వరమొస్తే అదే కప్పేవారు.
అంచు పొడవునా తోకలు.
నిద్రపట్టక వేలితో తడుముతూ లెక్కపెట్టేదాన్ని.
ఇరవై రెండు.
నాకు అంకెలొచ్చింది వాటిమీదే.

ఎనిడ్‌కి ఈ సంగతి చెప్పి మూడేళ్లయింది.
అప్పుడేమీ అనలేదు. ఫ్లాస్కులోంచి టీ
ముందు నాకే పోసింది.
చాలాసేపటికి, "మీ తాతకి దారి చూపించింది
మా తాతేనేమో, పిండిమూట కోసం," అంది.

తాగిన తల్లి పైకి పోయింది.
సైప్రస్ వేళ్లు పట్టుకున్న నెర్రెలోంచి
దాచిన పిల్ల మూతి బయటపెట్టింది.
తల్లి వంగి, నోటికి నోరు ఆనించి
మోసుకొచ్చిన నీళ్లు దాని గొంతులో వదిలింది.
అంత ఎత్తు, అంత వేడి, ఒక్క గుక్క.
దారిలో మింగకుండా ఎలా తెచ్చిందో!

నా గొంతూ కదిలింది.

చీకటి పడేసరికి నా లెక్క పంతొమ్మిది.
ఎనిడ్‌ది ఇరవై, ఎవరి సంచిలోనో ఉన్నదాన్ని కలిపి.
"తోక కొస కనబడింది. రాయి," అంది.
రాశాను.
దుప్పటికి ఇంకా రెండు తక్కువ.

జీపు దగ్గరికి నడుస్తుంటే
వెనక ఎక్కడో చిన్న రాయి జారింది.
ఇద్దరం ఆగాం.
చూడనిది పుస్తకంలోకి ఎక్కకూడదు, అది నియమం.
నేను పుస్తకం తియ్యలేదు.
ఎనిడ్ మాత్రం చీకట్లో
ఇంకో వేలు మడిచింది.