ఏడు సెకన్ల వంతెన

కుషిరోలో పొగమంచు ఇంకా విడలేదు.
"ముందు బండిని పడేయండి," అన్నాడు నిషికోరి మాస్టారు.
నడపడానికి డబ్బు కట్టినదాన్ని,
పడేయడమేమిటని నోరు తెరిచేలోపే
రెండు వందల కిలోల ఇనుము పక్కకి ఒరిగింది.
లేపడమే మొదటి పాఠమట.
నడుము వంచితే నడుమే పోతుంది.
హ్యాండిల్ దగ్గరికి లాక్కుని, ఒంటికి హత్తుకుని,
తొడల బలంతో లేవాలి,
నేల మీద నిద్రపోయిన పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు.

ముప్పై ఏళ్లుగా గడ్డాలు గీస్తున్న చేతులు నావి.
క్లచ్ సంగతి ఎంత చెప్పినా ఎక్కలేదు గానీ
"పూర్తిగా పట్టొద్దు, పూర్తిగా వదలొద్దు,
మధ్యలో ఒకచోట బండి ఊపిరి తీస్తుంది" అనగానే
తెలిసిపోయింది:
చెంప మీద కత్తి ఆనీ ఆనకుండా నిలిచే చోటు.
దాన్ని హాఫ్ క్లచ్ అంటారట.
మా దుకాణంలో దానికి పేరే లేదు.

అద్దాలు సర్దుకున్నాను. అద్దాలు నాకు కొత్తా?
"అద్దం చెప్పనిది కొంత ఉంటుంది తోకియే గారూ,
భుజం మీదుగా తల తిప్పి చూడండి.
లారీ ఉండేది అక్కడే."
మెడ వెనక కత్తిరింపు చూపించడానికి
రోజూ నేను చేతి అద్దం పట్టేది మరెందుకు!

ఇక వంతెన.
బెత్తెడు ఎత్తు కూడా ఉండదు,
జానెడు కంటే కాస్త వెడల్పు, పదిహేను మీటర్ల పొడుగు.
పడితే పరీక్ష పోయినట్టే,
ఏడు సెకన్లలోపు దాటేసినా మార్కులు కోత.
దూసుకుపోవడం ఎవరికైనా వస్తుంది.
నెమ్మదిగా పోతూ పడకుండా ఉండడానికే ఈ బడి.

ముందు చక్రం కేసి చూశాను, పడ్డాను.
అంచు కేసి చూశాను, అంచు దిగి పడ్డాను.
"చూపు ఎటో బండి అటు. దూరం చూడండి."
దూరాన పొగమంచే ఉంది. దాన్నే చూశాను,
మోకాళ్లతో ట్యాంకు నొక్కిపట్టి,
కుడి పాదం వెనక బ్రేకును తాకీ తాకకుండా.
ఆరు పాయింట్ తొమ్మిది.

ఆయన నవ్వలేదు. స్టాప్‌వాచ్ జేబులో వేసుకుంటూ,
"బయట రోడ్డు మీద మార్కులుండవు.
జింక ఒకటి దాటిందనుకోండి,
హమ్మయ్య అనుకుని యాక్సిలరేటర్ తిప్పకండి.
దాని వెనక రెండోది ఉంటుంది," అన్నాడు.

శనివారం మళ్లీ వెళ్లాలి.

సాయంత్రం రేవు నుంచి ఇనామురా ముసలాయన వచ్చి
కుర్చీలో కళ్లు మూసుకున్నాడు, చేపల వాసనతో.
కత్తి ఆనించి లోపల్లోపల లెక్కపెట్టాను.
ఒకటి, రెండు...
ఎనిమిది దాకా వెళ్లాను.
"నిద్రొస్తోందా ఏమిటి నీకు?" అన్నాడు,
కళ్లు తెరవకుండానే.